కీ పట్టుకుంటే చెయ్యి కాలుతోందా? పాత కారు ఇగ్నిషన్ స్విచ్ వేడికి కారణం ఇలా కనిపెట్టండి

మే నెలలో ఒక రాత్రి గుత్తి నుంచి అనంతపురం వస్తున్నాం. మా అంబాసిడర్ 1986 నాటిది, నాయన కొన్నది. పెళ్లి భోజనం చేసి బయలుదేరేసరికే పొద్దు గూకింది. ఇంటి ముందు బండి ఆపి కీ తిప్పబోతే వేళ్లు చురుక్కుమన్నాయి. తువ్వాలు చుట్టి తిప్పాల్సి వచ్చింది. "ఎండకు కాగింటుంది లేరా" అన్నాడు నాయన. రాత్రి తొమ్మిదిన్నరకు ఎండెక్కడిది? డాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టి చూశాను, చల్లగానే ఉంది. కీ దూరే ఆ చిన్న గుండ్రటి ముక్క ఒక్కటే కాలుతోంది.

మర్నాడు స్విచ్ మార్పించాను. మూడు వారాలకు మళ్లీ అదే వేడి. ఇంకోటి వేయించాను, అదీ అంతే. రెండు కొత్త స్విచ్‌లు ఒకే తీరుగా కాలాయంటే తప్పు స్విచ్ ఒక్కదానిలోనే ఉండే వీల్లేదు. అప్పుడు మీటరు చేతపట్టి నేనే కూర్చున్నాను. రెండు ఆదివారాలు పట్టింది. మీకు అంత పట్టనక్కర్లేదు, వరస తెలిస్తే రెండు గంటల పని. మీది అంబాసిడరైనా, ప్రీమియర్ పద్మిని అయినా, ఇంకే పాత 12 వోల్టుల బండైనా పద్ధతి ఒకటే.

పని మొదలుపెట్టే ముందు

కావలసినవి కొన్నే. ఒక డిజిటల్ మల్టీమీటర్, టెస్ట్ లాంప్, మొసలి క్లిప్పులు బిగించిన రెండు పొడవాటి వైర్లు, స్క్రూ డ్రైవరు, పానాలు, ఇన్సులేషన్ టేపు, ఒక నోటు పుస్తకం. క్లాంప్ మీటరు దొరికితే మేలు. అయితే అది డీసీ ఆంపియర్లు చూపించేదై ఉండాలి. ఇంటి వైరింగుకు వాడే మామూలు క్లాంప్ మీటర్లు చాలావరకు ఏసీ మాత్రమే చూపిస్తాయి, బండి దగ్గర వాటితో ఉపయోగం లేదు.

పొగ వచ్చినా, వైరు మీది ప్లాస్టిక్ మెత్తబడినా బండి ఇక నడపకండి. ముందు బ్యాటరీ విప్పేయండి. విప్పేటప్పుడు బాడీకి కలిసిన ఎర్త్ టెర్మినల్‌నే మొదట తీయాలి. ఎర్త్ ఉండగా రెండో టెర్మినల్ విప్పబోతే, పానా పొరపాటున బాడీకి తగిలిందా, పెద్ద నిప్పురవ్వ లేస్తుంది. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు ఉంటుంది కాబట్టి ఇది ఆషామాషీ విషయం కాదు. ఇంకో మాట: కొన్ని బాగా పాత బ్రిటిష్ బండ్లలో పాజిటివే ఎర్త్‌గా ఉంటుంది. కాబట్టి నెగటివ్ అంటే ఎర్త్ అని గుడ్డిగా అనుకోకుండా, ఏ కేబుల్ బాడీకి వెళ్తోందో కళ్లతో చూసి విప్పండి.

ఎండ వేడా, కరెంటు వేడా?

ఇది తేల్చకుండా ముందుకు పోవద్దు. మన సీమ ఎండల్లో మధ్యాహ్నం నిలబెట్టిన బండిలో ఏది ముట్టుకున్నా కాలుతుంది, కీ కూడా. అందుకే పరీక్ష పొద్దున్నే చేయండి, రాత్రంతా నీడలో ఉన్న బండితో. ఇరవై నిమిషాలు నడపండి. మీరు రోజూ వాడేవన్నీ వేసే నడపండి: ఫ్యాను, స్టీరియో, అవసరమైతే లైట్లు. తర్వాత ఆపకుండానే కీ తలను, దాని చుట్టూ ఉన్న లోహపు రింగును ముట్టుకోండి. వెంటనే పక్కనున్న ఇంకో లోహపు భాగాన్ని, అంటే చోక్ నాబ్ మెడనో మరో స్విచ్ రింగునో ముట్టుకోండి. రెండూ ఒకేలా ఉంటే భయం లేదు. కీ కాస్త గోరువెచ్చగా ఉన్నా అది మామూలే. వేళ్లు రెండు మూడు సెకన్లు కూడా ఆనించలేకపోతున్నారంటే మాత్రం లోపల ఏదో మండుతోందని లెక్క.

డాష్‌బోర్డు కింద ముక్కు పెట్టి వాసన కూడా చూడండి. పాత స్విచ్‌ల వెనక పలక బేకలైట్ లాంటి గట్టి పదార్థంతో చేస్తారు. అది కాగితే చేపల వాసన లాంటిది వస్తుంది. ఒకసారి ఆ వాసన పట్టారంటే జన్మలో మర్చిపోరు. వైరు ప్లాస్టిక్ కాలితే వచ్చే ఘాటు వేరు, ఈ వాసన వేరు.

వేడి ఎక్కడినుంచి వస్తుంది

బోరు మోటారు ఉన్న ఇళ్లలో ఇది చెప్పనక్కర్లేదు. స్టార్టర్ డబ్బాలో ఒక స్క్రూ వదులైతే ఆ ఒక్క వైరు కొస నల్లగా మాడుతుంది, మిగతా రెండూ శుభ్రంగా ఉంటాయి. మూడింటిలోనూ పారే కరెంటు ఒకటే. మాడిన చోట మాత్రం వదులు వల్ల అడ్డు పెరిగింది, ఆ అడ్డును దాటడంలో కరెంటు వేడిగా మారింది. కారు స్విచ్‌లో జరిగేదీ అదే.

లెక్క చాలా సులువు. ఒక కలయిక దగ్గర ఎన్ని వోల్టులు పోతున్నాయో, అందులోంచి ఎన్ని ఆంపియర్లు పారుతున్నాయో ఆ రెంటినీ గుణించండి. వచ్చేది వాట్లు, అంటే అక్కడ పుడుతున్న వేడి. ఒక వోల్టు పోతోంది, 20 ఆంపియర్లు పారుతున్నాయి అనుకోండి, 20 వాట్లు. రేడియో రిపేరు చేసేవాళ్లు వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే. అది సీసాన్ని కరిగిస్తుంది. అలాంటిదొకటి మీ డాష్‌బోర్డు వెనక, వైర్ల కట్ట మధ్యలో వేలాడుతోందని ఊహించుకోండి.

ఆంపియర్లు రెట్టింపైతే వేడి రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. అడ్డు అదే అయినా కరెంటు పెరిగిన కొద్దీ పోయే వోల్టులూ పెరుగుతాయి కాబట్టి. పాత బండికి ఒక్కొక్కటిగా ఎక్స్‌ట్రా ఫిట్టింగులు తగిలిస్తూ పోతే కొన్నేళ్లు బాగానే ఉండి, చివరి ఒక్కదానితో ఉన్నట్టుండి స్విచ్ కాలడం మొదలవుతుంది. కారణం ఇదే.

"ఫీజు పోలేదు కదా, ఇంకేం టెన్షన్" అని చాలామంది అంటారు. దయచేసి ఆ ధీమా వద్దు. ఫీజుకు తెలిసింది ఆంపియర్లే. వదులు కలయిక దగ్గర ఆంపియర్లు పెరగవు, ఇంకా కాస్త తగ్గుతాయి కూడా. వేడి మాత్రం పుడుతూనే ఉంటుంది. పైగా ఆ కాలపు బ్రిటిష్ పద్ధతి వైరింగులో బ్యాటరీ నుంచి స్విచ్‌కు వచ్చే ముఖ్యమైన వైరుకు, స్విచ్ నుంచి ఇగ్నిషన్ కాయిల్‌కు (ప్లగ్గుల్లో నిప్పురవ్వకు కావలసిన ఎక్కువ వోల్టులు పుట్టించేది) వెళ్లే వైరుకు అసలు ఫీజే ఉండదు. అక్కడ వైరు ఎర్రగా కాలినా ఆపేది ఏదీ లేదు.

స్విచ్ వెనక ఏ వైరు ఏది

బ్యాటరీ ఎర్త్ విప్పాకే స్విచ్‌ను డాష్‌బోర్డు నుంచి ముందుకు తీయండి. వైర్లు ఊడదీయకముందే ఫోన్లో రెండు మూడు ఫోటోలు తీసుకోండి.

అంబాసిడర్ బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ వంశం బండి కాబట్టి దాని వైరింగు రంగులు లూకాస్ అనే బ్రిటిష్ కంపెనీ పద్ధతిలో ఉంటాయి. గోధుమ రంగు వైరు బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, ఎప్పుడూ కరెంటు ఉంటుంది. తెలుపు, కీ తిప్పాక కరెంటు వచ్చేది, కాయిల్‌కు పోతుంది. ఆకుపచ్చ, కీ తర్వాత ఫీజు దాటి వైపర్లకు, మీటర్లకు వెళ్లేది. తెలుపు మీద ఎర్ర గీత ఉంటే సెల్ఫ్ సోలినాయిడ్‌కు, అంటే సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్‌కు. నలుపు ఎర్త్. పద్మిని ఫియట్ సంతతి, దాని రంగులు వేరు, ఈ వరస దానికి పనికిరాదు.

నలభై ఏళ్లలో ఎందరి చేతులో పడ్డ బండిలో రంగును నమ్మి పని చేయొద్దు. మా బండిలో తెలుపు వైరు మధ్యలో తెగి, ఎవరో అక్కడ ఎర్ర వైరు అతికారు. ఇంకోచోట ఇంటి వైరింగు ముక్క కలిపారు. బ్యాటరీ మళ్లీ బిగించి, టెస్ట్ లాంప్‌తో ఒక్కో టెర్మినల్ చూసి, "ఎప్పుడూ ఉంది", "కీ ఆన్‌లో వచ్చింది", "సెల్ఫ్ కొట్టినప్పుడే వచ్చింది" అని మూడు మాటల్లో పుస్తకంలో రాసుకోండి. ఆ కాగితమే మీ బండికి అసలైన మ్యాపు.

హెడ్‌లైట్లు కీ స్విచ్ గుండా పోతున్నాయో లేదో కూడా ఇప్పుడే తెలిసిపోతుంది. కీ తీసేసి లైట్ల స్విచ్ వేయండి. లైట్లు వెలిగితే వాటి భారం కీ మీద లేదు.

కీ మీద ఎంత భారం ఉంది

కీ ఆన్ చేస్తేనే పనిచేసేవన్నీ రాయండి. ఒక్కోదాని ఆంపియర్లు పక్కన వేయండి. దాని మీద వాట్లు రాసి ఉంటే 12తో భాగిస్తే చాలు: 60 వాట్ల బల్బు 5 ఆంపియర్లు, రెండు వేస్తే 10. పాయింట్లున్న (కాయిల్ కరెంటును తెంచి కలిపే చిన్న కాంటాక్టులు) మామూలు కాయిల్ అడ్డు సుమారు 3 ఓములు, అంటే పాయింట్లు మూసుకున్నప్పుడు 4 ఆంపియర్లు. రాయని వాటిని మల్టీమీటరుతో కొలవొచ్చు. ఆ వస్తువు వైరు ఒకటి ఊడదీసి, మీటరును మధ్యలో వరసగా కలపాలి. ఇక్కడ రెండు జాగ్రత్తలు. చాలా మీటర్లలో 10 ఆంపియర్లే హద్దు, కాబట్టి రేడియేటర్ ఫ్యాను, హారన్, సెల్ఫ్ లాంటి వాటికి పెట్టొద్దు. కొలవడం అయిపోగానే ఎర్ర ప్రోబును వోల్టుల రంధ్రంలోకి మార్చండి. ఆంపియర్ల రంధ్రంలో ఉంచి బ్యాటరీ రెండు కొసలకూ ఆనించారంటే అది నేరుగా షార్ట్.

మా బండి పట్టిక ఇలా తేలింది: రేడియేటర్‌కు పెట్టించిన కరెంటు ఫ్యాను 12, ఇంజిన్ నడుస్తున్నప్పుడు కాయిల్ సగటున 3, స్టీరియో 2, మీటర్లు, ఛార్జరు అన్నీ కలిపి 1. మొత్తం 18 ఆంపియర్లు. ఎండాకాలం ఇంజిన్ కాగుతోందని ఫ్యాను పెట్టించుకున్నది నేనే. పెట్టినవాళ్లు దాని వైరును ఆకుపచ్చ వైర్లలో కలిపేశారు. ఫ్యాక్టరీలో ఆ స్విచ్‌కు అప్పగించిన పని కాయిలు, మీటర్లు, వైపర్లు లాంటివే, ఇంత పెద్ద ఫ్యాను కాదు.

మోటార్ల విషయంలో ఇంకొకటి చూడండి. వైపర్ మోటారులో గ్రీజు ఎండిపోయినా, ఫ్యాను బుష్‌లో దుమ్ము పట్టి బిగుసుకున్నా అది మామూలు కంటే ఎక్కువ కరెంటు లాగుతుంది. మన ఊళ్ల దుమ్ముకు ఇది తరచుగా జరిగేదే. ఫ్యానును చేత్తో తిప్పి వదిలితే తేలిగ్గా కాసేపు తిరగాలి.

అసలు పరీక్ష: వోల్టులు ఎక్కడ పోతున్నాయి

మిగతావన్నీ దీనికి తోడ్పాటు మాత్రమే, కాబట్టి ఇక్కడ తొందరపడొద్దు.

ఓముల మోడ్‌లో పెట్టి స్విచ్‌ను కొలిస్తే ఏమీ తెలియదు. ఓములో ఇరవయ్యో వంతు అడ్డు కూడా స్విచ్‌ను కాల్చడానికి చాలు. మామూలు మీటరు ప్రోబుల వైర్లకే అంతకంటే ఎక్కువ అడ్డు ఉంటుంది. అందుకే కరెంటు పారుతుండగా వోల్టులు కొలవాలి.

ఇంజిన్ ఆపి, కీ ఆన్‌లో ఉంచి చేసేటట్టయితే ముందు కాయిల్‌కు వచ్చే సన్న వైరు ఊడదీసి కొసకు టేపు చుట్టండి. పాయింట్లు మూసుకున్న స్థితిలో ఇంజిన్ ఆగి ఉంటే కాయిల్‌లో కరెంటు ఆగకుండా పారుతుంది, పది నిమిషాల్లో కాయిల్ కాగిపోతుంది, పాయింట్లు కూడా పాడవుతాయి. పాత బండ్లలో ఈ ఒక్క పొరపాటుతో కాయిల్ పోగొట్టుకున్నవాళ్లు చాలామంది. ఇంజిన్ నడిపించే కొలవాలనుకుంటే బండి ఆరుబయట ఉండాలి, గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ వేసి. లుంగీ, తువ్వాలు లాంటివి ఫ్యాను దగ్గరికి రానీయొద్దు.

మీటరును డీసీ 20 వోల్టుల రేంజిలో పెట్టండి. ఎర్ర ప్రోబు స్విచ్‌లోకి కరెంటు వచ్చే టెర్మినల్ మీద, నల్ల ప్రోబు బయటికి పోయే టెర్మినల్ మీద. కీ ఆఫ్‌లో ఉంటే 12 వోల్టుల చుట్టూ చూపిస్తుంది, కంగారు పడకండి, అది సరైనదే. కీ ఆన్ చేసి ఫ్యాను, స్టీరియో, అన్నీ వేయండి. అంకె ఒక్కసారిగా దాదాపు సున్నాకు పడిపోవాలి. పడ్డాక రేంజి 2 వోల్టులకు తగ్గిస్తే సరిగ్గా ఎంతో కనిపిస్తుంది. కీ ఆఫ్ చేసే ముందు రేంజి తిరిగి 20కి మార్చండి.

నిండు భారం మీద 0.1 వోల్టు లోపు ఉంటే స్విచ్ ఆరోగ్యంగా ఉంది. 0.2 దాకా నడుస్తుంది. 0.3 దాటితే లోపల కాంటాక్టులు దెబ్బతిన్నాయి. భారం వేయకుండా కొలిస్తే ఎంత పాడైన స్విచ్ అయినా సున్నాయే చూపిస్తుంది. "మీటర్ పెట్టి చూశానన్నా, బాగానే ఉంది" అని చెప్పే చాలామంది చేసే తప్పు ఇదే.

పదిహేను నిమిషాలు అలాగే ఉంచి మళ్లీ కొలవండి. చల్లగా ఉన్నప్పుడు 0.2 చూపించి, కాగాక 0.7కు పోయే స్విచ్‌లు ఉంటాయి. వేడికి స్ప్రింగు మెత్తబడి కాంటాక్టు మీద ఒత్తిడి తగ్గితే అలా అవుతుంది.

ఇప్పుడు నేను రెండు స్విచ్‌లు తగలేశాక చేసిన కొలత. మీరు మొదటిరోజే చేయండి. ఎర్ర ప్రోబును టెర్మినల్ మీద కాకుండా, వచ్చే వైరులోని రాగి పోగుల మీద ఆనించండి. లగ్గు (వైరు కొసకు నొక్కి, టెర్మినల్‌కు తొడిగే ఇత్తడి ముక్క) వెనక, ప్లాస్టిక్ మొదలయ్యే చోట పోగులు కొంచెం కనిపిస్తాయి. నల్ల ప్రోబును స్విచ్ టెర్మినల్ మీద ఆనించండి. అంటే వైరుకు, లగ్గుకు, టెర్మినల్‌కు మధ్య ఉన్న కలయికను కొలుస్తున్నారు. అక్కడ 0.05 కూడా ఉండకూడదు. మాకు 0.6 వచ్చింది. స్విచ్ లోపల 0.9.

లెక్క వేయండి. 0.6ను 18తో గుణిస్తే 10.8 వాట్లు, 0.9ను 18తో గుణిస్తే 16.2 వాట్లు. మొత్తం 27. ఆ సోల్డరింగ్ ఐరన్ కంటే ఎక్కువ. అంటే స్విచ్‌కు సొంత జబ్బు ఉన్నా, లగ్గు దగ్గర పుట్టిన వేడి కూడా ఇత్తడి గుండా స్విచ్‌లోకే ఎక్కుతోంది. షాపులో ప్రతిసారీ కొత్త స్విచ్‌కు ఆ పాత లగ్గునే తొడిగారు. కొత్త స్విచ్ స్ప్రింగు ఆ వేడికి మూడు వారాల్లో మెత్తబడింది, ఆ తర్వాత దాని కాంటాక్టులూ కాలడం మొదలైంది. పైగా ఒకటిన్నర వోల్టు దారిలోనే పోతుంటే ఫ్యాను నెమ్మదిగా తిరిగేది, ఇంజిన్ ఇంకా కాగేది.

అదే తీరుగా బయటికి పోయే వైర్ల లగ్గులన్నీ ఒక్కొక్కటే కొలవండి. తర్వాత మొసలి క్లిప్పు వైరుతో బ్యాటరీ పాజిటివ్ నుంచి, స్విచ్‌లోకి కరెంటు వచ్చే టెర్మినల్ దాకా కొలవండి. అక్కడ అర వోల్టు మించి పోతోందంటే రోగం స్విచ్‌కు ముందు ఉంది. సోలినాయిడ్ పెద్ద బోల్టు దగ్గర, కటౌట్ (బ్యాటరీ ఛార్జింగును అదుపు చేసే డబ్బా) దగ్గర, ఆంపియర్ మీటరు ఉంటే దాని వెనక నట్ల దగ్గర వెతకండి.

సెల్ఫ్ వైపు కూడా ఒక చూపు

కీతోనే సెల్ఫ్ కొట్టే బండైతే, బండి స్టార్ట్ అయి కీ వెనక్కి వచ్చాక సెల్ఫ్ టెర్మినల్ మీద వోల్టు ఉందేమో చూడండి. సున్నా ఉండాలి. రిటర్న్ స్ప్రింగు బలహీనపడి కీ పూర్తిగా వెనక్కి రాకపోతే సోలినాయిడ్‌కు కరెంటు పోతూనే ఉంటుంది, స్విచ్ కాగుతుంది, సెల్ఫ్ మోటారు కూడా పోతుంది. కీతోపాటు ఇంటి బీగాలు, షాపు బీగాలు అన్నీ ఒకే రింగుకు తగిలించి వేలాడదీస్తే ఆ బరువు గతుకుల్లో ఊగి ఊగి స్విచ్ లోపలి భాగాలను అరగదీస్తుంది. కారు కీ ఒక్కటే విడిగా పెట్టుకోండి.

విప్పి చూస్తే కనిపించేవి

బ్యాటరీ ఎర్త్ మళ్లీ తీయండి. లగ్గును టెర్మినల్ నుంచి లాగేటప్పుడు ఎంత బలం పట్టిందో గమనించండి. మంచి లగ్గు కాస్త మొండికేస్తుంది. మాది రెండు వేళ్లతో తాకగానే జారి వచ్చేసింది. ఇత్తడి పసుపు పోయి, కొస దగ్గర నీలం, ఊదా కలిసిన రంగు తేలింది. నెమలి ఈక మీద ఉంటుందే, అలాంటి మెరుపు. ఇత్తడి బాగా కాగితేనే ఆ రంగు వస్తుంది. లగ్గు వెనక రెండంగుళాల దాకా వైరు పైపొర గట్టిపడి, వంచితే పటుక్కున విరిగింది. లోపల రాగి నల్లగా ఉంది.

ఆ నల్ల రాగి మీద కొత్త లగ్గు ఎంత గట్టిగా నొక్కినా లాభం లేదు. ఎర్రటి మెరిసే రాగి వచ్చేదాకా వైరు కోస్తూ పోండి. పొడవు చాలకపోతే అదే మందం లేదా అంతకంటే లావు వైరు కలపండి. లగ్గు నొక్కడానికి క్రింపింగ్ ప్లయరే వాడండి, కటింగ్ ప్లయరుతో చదును చేస్తే ఆరు నెలలకు మళ్లీ వదులవుతుంది. నొక్కాక గట్టిగా లాగి చూడండి.

స్విచ్ వెనక పలక రివెట్లతో బిగించిన రకమైతే విప్పొద్దు, మార్చేయండి. మడతలు విప్పి తెరిచే రకమైతే ఒక తెల్లగుడ్డ పరిచి దాని మీద తెరవండి, లోపల చిన్న స్ప్రింగు, గోళీ ఎగిరిపోతే మళ్లీ దొరకవు. కాంటాక్టు మీద నల్లటి పొర మాత్రమే ఉంటే సన్నని ఎమెరీ కాగితంతో రుద్ది, పెట్రోలుతో కడిగి, ఆరాక తిరిగి బిగించొచ్చు. గుంటలు పడి ఉన్నా, పలక మీద టెర్మినల్ కదులుతున్నా, స్ప్రింగు నొక్కితే బలం లేకుండా పడుకున్నా శుభ్రం చేసి ఉపయోగం లేదు. వేడికి ఒకసారి పస పోయిన స్ప్రింగుకు అది తిరిగి రాదు. కొత్తది కొనేటప్పుడు టెర్మినళ్లు వేలితో కదిపి చూసి తీసుకోండి. కదిలితే వద్దనండి, మొహమాటం అక్కర్లేదు.

భారం దించడానికి రిలే

లగ్గు, స్విచ్ బాగుచేసి అంతటితో ఆపితే, ఆ 18 ఆంపియర్లు మళ్లీ అదే స్విచ్‌లోంచి పారతాయి. ఫ్యానుకు ఒక రిలే పెట్టండి, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్. నాలుగు కాళ్ల మామూలు 30 ఆంపియర్ల రిలే ఏ ఆటో ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరుకుతుంది. దాని మీద నంబర్లు ఉంటాయి. 30 అన్న కాలుకు బ్యాటరీ పాజిటివ్ నుంచి నేరుగా 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, మధ్యలో 20 ఆంపియర్ల ఫీజు. ఆ ఫీజు బ్యాటరీకి జానెడు లోపే ఉండాలి, దూరంగా పెడితే ఆ మధ్య వైరుకు రక్షణ ఉండదు. 87 నుంచి ఫ్యానుకు. ఇంతకుముందు ఫ్యానుకు వెళ్తున్న పాత వైరును 86కు కలపండి. 85 ఎర్త్‌కు, రంగు గీకిన మెరిసే రేకు మీద. ఫ్యాను రెండో వైరు ఎర్త్ కూడా అలాగే గట్టిగా ఉండాలి. పాజిటివ్ ఎర్త్ బండి అయితే ఈ పాజిటివ్ మాట వచ్చిన చోట ఎర్త్ కాని కొస అని చదువుకోండి.

ఇక కీ గుండా ఫ్యాను కోసం పారేది రిలే చుట్టకు కావలసిన ఆంపియరులో ఐదో ఆరో వంతు మాత్రమే. మా బండిలో 18 ఆంపియర్లు 6కు దిగాయి. మూడో వంతు కరెంటు అంటే అదే అడ్డు మీద తొమ్మిదో వంతు వేడి. 27 వాట్లు కాస్తా రిలే ఒక్కదానితోనే 3కు పడిపోతాయి, లగ్గు మార్చకపోయినా. రెండూ చేస్తే ఇక చెప్పేదేముంది.

హెడ్‌లైట్లు కీ మీద ఉన్నా, ఎక్కువ వాట్ల బల్బులు వేయించినా, జంట హారన్లున్నా వాటికీ ఇదే పద్ధతి. లైట్లకు హై, లో రెండింటికీ వేర్వేరు రిలేలు పెట్టండి. కాయిల్ జోలికి మాత్రం పోవద్దు, అది స్విచ్ మీదే ఉండనివ్వండి. దారిలో రిలే పోయినా ఇంజిన్ ఆగకూడదు.

మళ్లీ కొలిచి చూడటం

ఊడదీసిన కాయిల్ వైరు బిగించి, అన్నీ సరిచూసుకొని, ఎర్త్ చివరగా తగిలించండి. మొదట కొలిచిన చోట్లే, అదే భారంతో, అదే ఇరవై నిమిషాలు నడిపాక కొలిచి పుస్తకంలో పాత అంకెల పక్కన రాయండి. దూరం నుంచే గురిపెట్టి చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఉంటే స్విచ్ వెనక ఉష్ణోగ్రత చూడొచ్చు, కానీ మెరిసే ఇత్తడి మీద అది తక్కువ చూపించి మోసం చేస్తుంది. ఇత్తడి చల్లగా ఉన్నప్పుడే ఒక చిన్న నల్ల టేపు ముక్క అంటించి, దాని మీద గురిపెట్టండి.

ఒక నెల తిరిగాక లగ్గులు ఇంకోసారి చూడండి, కొత్త క్రింపు సర్దుకోవడానికి ఆ మాత్రం సమయం పడుతుంది.

మా పుస్తకంలో చివరి గీత కింద ఉన్న అంకె 0.06 వోల్టు, 6 ఆంపియర్లు. వాట్లలో అర కూడా లేదు. మొన్న మిట్టమధ్యాహ్నం కర్నూలు దాకా వెళ్లి, బండి ఆపి, నాయన చేతికి కీ ఇచ్చాను. ఆయన దాన్ని చెంపకు ఆనించి చూసుకుని జేబులో వేసుకున్నాడు.